తెరచాప గుడారం, రాగి రేకు

నేలలో నిలబెట్టిన తెడ్లు, వాటి మీద కప్పిన తెరచాప, ఆ నీడన కొందరు స్నేహితులు, పక్కనే నది. ఇంగ్లిషు చిత్రకారుడు థామస్ స్టోథర్డ్ 1780 ప్రాంతంలో వేసిన చిన్న ఎచింగ్ ఇది, అంటే రాగి రేకు మీద సూదితో గీసి, ఆమ్లంతో గీతలు తినిపించి అచ్చు తీసిన బొమ్మ. చూడగానే పడవ షికారుకు వెళ్లిన కుర్రకారు అనిపిస్తుంది. షికారుకు వెళ్లిన మాట నిజమే. కానీ ఆ గుడారం కింద ఉన్నప్పుడు వాళ్లు ఖైదీలు.

స్టోథర్డ్, తర్వాత కవిగా, చిత్రకారుడిగా పేరుపడ్డ విలియం బ్లేక్, ఓగిల్బీ అనే మరో మిత్రుడు కలిసి ఇంగ్లండ్‌లోని మెడ్వే నది మీద పడవలో తిరుగుతూ, ఒడ్డున ఆగి బొమ్మలు గీసుకుంటున్నారు. అప్నార్ కోట పరిసరాల్లో సైనికులు వచ్చి, మీరు ఫ్రెంచి గూఢచారులంటూ పట్టుకున్నారు. సరదాకి గీసుకుంటున్నాం మహాప్రభో అన్నా వినలేదు. పడవలోని తిండి సామాను ఒడ్డుకు చేర్చి, తెడ్లూ పడవ కొక్కెమూ నేలలో పాతి, తెరచాపే గుడారంగా కట్టి, ఒక కాపలావాణ్ణి పెట్టారు. వీళ్లు జార్జి రాజు ప్రజలే, ప్రమాదం లేనివాళ్లే అని లండన్‌లోని కళాకారుల సంస్థ రాయల్ అకాడమీ సభ్యుల నుంచి కబురు వచ్చేదాకా అక్కడే ఉంచారు. ఆ ఖాళీ సమయంలో స్టోథర్డ్ ఊరుకోక, తమ నిర్బంధాన్నే కలంతో బొమ్మ వేశాడు. విడుదలయ్యాక కోట అధికారితోనే కూర్చుని కాసేపు సరదాగా గడిపారట. ఈ వృత్తాంతం అచ్చులోకి వచ్చింది 1851లో, స్టోథర్డ్ కోడలు ఆనా ఎలైజా బ్రే రాసిన జీవితచరిత్ర ద్వారా.

సైనికులను మరీ తప్పుపట్టలేం. చాతమ్ నౌకానిర్మాణ కేంద్రం ఆ నది ఒడ్డునే ఉంది. తర్వాత ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ నౌకగా పేరుపడ్డ విక్టరీ 1765లో నీళ్లలోకి దిగింది అక్కడే. దానికి ఎదుటి ఒడ్డున అప్నార్ కోట. 1667లో డచ్చి నౌకలు ఇదే నదిలోకి చొరబడి, ఇంగ్లిషు నౌకలను తగలబెట్టి, రాయల్ చార్లెస్‌ను లాక్కుపోయాయి. ఆ మరుసటి ఏడే కోటను తుపాకిమందు నిల్వకు కేటాయించారు. ఇక 1778 నుంచి ఫ్రాన్సుతో యుద్ధం. 1779లో ఫ్రెంచి, స్పానిష్ నౌకాదళాలు కలిసి ఇంగ్లిష్ చానెల్ దాకా వచ్చి దేశాన్ని హడలెత్తించాయి. అలాంటి రోజుల్లో అలాంటి చోట ముగ్గురు కుర్రవాళ్లు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. నది వంపు ఎక్కడ, ఒడ్డు ఎంత ఎత్తు, కోట బురుజులు ఎటు తిరిగి ఉన్నాయి, ఓడలు ఎక్కడ లంగరు వేశాయి: చిత్రకారుడు గీసుకునేవీ ఇవే, గూఢచారికి కావలసినవీ ఇవే. సైన్యానికి ఈ సంగతి బాగా తెలుసు కూడా. వూలిచ్‌లోని సైనిక అకాడమీలో కాబోయే అధికారులకు 1768 నుంచి బొమ్మలు గీయడం నేర్పుతున్నది పాల్ శాండ్బీ. ఆయన రాయల్ అకాడమీ వ్యవస్థాపక సభ్యుడు, యువకుడిగా స్కాట్లండ్‌లో సైనిక సర్వేలో పనిచేసినవాడు.

బొమ్మలు గీస్తూ పట్టుబడటం కొత్తేమీ కాదు. లండన్ చిత్రకారుడు విలియం హోగార్త్ 1748లో ఫ్రాన్సులో కలే నగరద్వారం గీస్తూ దొరికిపోయాడు. తిరిగొచ్చాక ఆ కసి అంతా ఒక చిత్రంలో చూపించాడు. ఆయన అంతకుముందు 1732 మే నెలలో నలుగురు మిత్రులతో ఇదే మెడ్వే దారిలో ఐదు రోజులు తిరిగాడు. రోచెస్టర్, చాతమ్, అప్నార్ అన్నీ చూశారు. ఒకరు రాత, ఒకరు పటం, ఒకరు డబ్బు సంచి చూసుకుంటే, హోగార్త్, సామ్యుల్ స్కాట్ బొమ్మలు వేశారు. వాళ్లను ఎవరూ ఆపలేదు. ఆ యాత్ర పుస్తకం అచ్చయింది 1782లో, అంటే స్టోథర్డ్ బృందం పట్టుబడిన కాసింత కాలానికే.

ఇప్పుడు రాగి రేకు దగ్గరికి వద్దాం. ఈ బొమ్మ గురించి రాసేవాళ్లంతా వీళ్లలో బ్లేక్ ఎవరు అని ముఖాలు వెతుకుతారు. అంత చిన్న ఎచింగ్‌లో ముఖమంటే నాలుగు గీతలు, వాటిలో పోలిక వెతకడం దండగ. గీతల నుంచి తెలుసుకోదగ్గది అంతకన్నా ఎక్కువే ఉంది.

ఆ బృందంలో రాగి పని వృత్తిగా నేర్చినవాడు స్టోథర్డ్ కాదు, బ్లేక్. 1772 నుంచి ఏడేళ్లు జేమ్స్ బేసైర్ అనే చెక్కుడు పనివాడి దగ్గర శిష్యరికం చేసి, 1779లో రాయల్ అకాడమీ పాఠశాలలో చేరాడు. 1755లో పుట్టిన స్టోథర్డ్ లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో పట్టుబట్టల నేతకు నమూనాలు గీసే పని నేర్చుకుని, 1777లో అదే పాఠశాలకు వచ్చాడు. స్టోథర్డ్ గీస్తే బ్లేక్ రాగి మీదికి ఎక్కించడం, ఇదీ ఆ తర్వాతి ఏళ్లలో వాళ్ల మధ్య నడిచిన పని పద్ధతి. ఈ గుడారం బొమ్మలో మాత్రం స్టోథర్డ్ మధ్యవర్తి లేకుండా తానే సూది పట్టాడు. అందుకు ఎచింగ్ ఒక్కటే వీలైన దారి.

ఎందుకంటే, బ్యూరిన్‌తో రాగిని చెక్కడం ఏళ్ల తరబడి చేతికి పట్టాల్సిన విద్య. పదునైన ఉక్కు ములికిని అరచేత్తో నెడుతుంటే రాగి దారంలా లేచి వస్తుంది. వంపు కావాలంటే చెయ్యి తిప్పరు, కింద దిండు మీద ఉన్న రేకును తిప్పుతారు. ఎచింగ్‌లో ఆ కష్టం లేదు. రేకు మీద మైనం పూత, దాని మీద సూదితో గీత, లోతు తవ్వే పని ఆమ్లానిది. కాగితం మీద కలంతో గీయగలిగినవాడు మైనం మీదా గీయగలడు. తెలుగులో రెంటినీ ‘చెక్కడం’ అనేస్తాం గానీ, ఎచింగ్‌లో మనిషి చెక్కేది ఏమీ లేదు.

చేతిలో పది రెట్లు పెంచి చూపే భూతద్దం ఉంటే తేడా వెంటనే తెలుస్తుంది. బ్యూరిన్ గీత సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, చివర మొనదేలి ముగుస్తుంది. అంచులు కత్తితో కోసినట్టుంటాయి. ఎచింగ్ గీత మొదటి నుంచి చివరి దాకా ఇంచుమించు ఒకే లావు, కొసలు మొద్దుగా ఉంటాయి, అంచులు కాస్త గరుకు. ఆకుల గుత్తుల్లో, గడ్డిలో గీత మెలికలు తిరుగుతూ పరుగెడితే అది సూదే. అయితే ఒక చిక్కుంది. ఆ రోజుల్లో బేసైర్ లాంటివాళ్ల పనిశాలల్లో ముందు ఎచింగ్‌తో ఆకారం వేసుకుని, ఆ తర్వాత బ్యూరిన్‌తో బిగించేవారు. కాబట్టి ఒకచోట చూసి తీర్పు చెప్పకూడదు. ఆకాశం, దుస్తుల మడతలు, ముందున్న నేల, మూడూ విడివిడిగా చూడాలి.

ఇలాంటి బొమ్మ ఒకటి పాత పద్ధతిలో తయారు చేయాలంటే పని ఇలా సాగుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి రేకు తీసుకుని అద్దంలా మెరుగుపెట్టాలి. అంచులను ఏటవాలుగా ఆకురాయితో అరగదీయాలి. ఇది బద్ధకిస్తే ప్రెస్సులో ఆ అంచు కాగితాన్నీ, పైనుండే ఉన్ని గుడ్డనూ కోసేస్తుంది. తర్వాత సుద్దపొడి, నీళ్లతో రుద్ది జిడ్డు వదిలించాలి. నీళ్లు పోస్తే పలచని పొరలా పరుచుకోవాలి. ఎక్కడైనా చినుకుల్లా విడిపోతే అక్కడ ఇంకా జిడ్డు ఉన్నట్టే. వేలిముద్ర పడ్డా చాలు, ఆ చోట పూత తర్వాత పొరలా లేచిపోతుంది. తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి, బయటపడేది మాత్రం ఆమ్లంలో.

పూతను గ్రౌండ్ అంటారు. రెండు పాళ్లు తేనెమైనం, ఒక పాలు ఆస్ఫాల్టం అనే తారులాంటి నల్లటి పదార్థం, ఒక పాలు మాస్టిక్ అనే చెట్టు బంక. సన్నటి సెగ మీద కరిగించి, గోరువెచ్చని నీళ్లలో పోసి, ముద్దగా పిసికి, పట్టుగుడ్డలో మూట కట్టాలి. ఎండాకాలంలో మైనం తగ్గించాలి, చలికాలంలో పెంచాలి. లేకపోతే ఒక కాలంలో పూత చేతికి అంటుకుంటుంది, ఇంకో కాలంలో సూది కింద పెచ్చులూడుతుంది. రేకును కింద నుంచి వేడిచేసి మూటతో రాస్తే పట్టుగుడ్డ సందుల్లోంచి మైనం కరిగి పడుతుంది. దూది పెట్టి కట్టిన పట్టు మెత్తతో తడుతూ సమంగా పరవాలి. బంగారు గోధుమ రంగులో, కింద రాగి కనిపించేంత పలచగా ఉండాలి. పొగ వచ్చిందంటే మాడిందని అర్థం. మాడిన పూత పెళుసు, తుడిచేసి మళ్లీ మొదలుపెట్టడం తప్ప మార్గం లేదు.

వేడి ఆరకముందే రేకును పట్టుకారుతో తలకిందులుగా పట్టుకుని, కింద మైనపు వత్తుల కట్ట వెలిగించి పొగ పట్టించాలి. మంట ఒకచోట నిలవకూడదు. చల్లారాక ఉపరితలం నల్లగా నిగనిగలాడాలి. ఎక్కడైనా వెలవెలబోయి కనిపిస్తే అక్కడ మసి మైనంలో కలవలేదు, లేదా మైనం కాలింది. ఈ నలుపు అందానికి కాదు. సూది తగిలినచోట రాగి మెరుస్తూ కనబడటానికి.

గీయడంలో కొత్తవాళ్లు పడే మోసం ఒకటుంది. నలుపు మీద మెరిసే గీత ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది. చాలా గీశాం అనుకుంటారు, అచ్చు తీస్తే బొమ్మ బోసిగా వస్తుంది. సూది రాగిని కోయనవసరం లేదు, పూతను పూర్తిగా తొలగిస్తే చాలు. కాబట్టి మొనను కొద్దిగా గుండ్రంగా అరగదీసుకుంటే అన్ని వైపులకూ జారుతుంది. పొర పూర్తిగా తెగకపోతే గీత మధ్యలో విరిగిపోతుంది. దూరపు ఒడ్డుకు గీతలు దగ్గరదగ్గరగా వేయొచ్చు. ముందున్న నేలకు ఎడం ఉంచాలి. ఆమ్లం కిందికే కాదు, పక్కలకూ తింటుంది. ఎక్కువసేపు ఉండే చోట గీతలు దగ్గరగా ఉంటే మధ్య గోడలు కూలి గుంట అవుతుంది. గుంటలో సిరా నిలవదు, తుడిచేటప్పుడే పోతుంది. నల్లగా రావలసిన చోట బూడిదరంగు మచ్చ, చుట్టూ నల్లని అంచు. ఆ మచ్చ పాత ముద్రణల్లోనూ కనిపిస్తుంటుంది.

ఇక ఆమ్లం. ఆ కాలంలో రేకు చుట్టూ మైనంతో అంగుళం ఎత్తు గట్టు కట్టి, ఒక మూలన కారేందుకు మూతిలా ఒత్తి, నీళ్లు కలిపిన నైట్రిక్ ఆమ్లం పోసేవారు. నైట్రిక్ రాగిని తింటుంటే గీతల మీద బుడగలు లేస్తాయి. బుడగ ఉన్నచోట ఆమ్లం తగలదు, గీత చుక్కల వరస అవుతుంది. అందుకే పక్షి ఈకతో మెల్లగా తోస్తూ ఉండాలి. ఇప్పుడు చాలామంది ఫెర్రిక్ క్లోరైడ్ వాడతారు. అందులో బుడగల బెడద లేదు గానీ అడుగున మడ్డి చేరి గీతలను మూసేస్తుంది. రేకును బోర్లించి ఉంచితే మడ్డి కిందికి రాలిపోతుంది. నైట్రికే వాడేవాళ్లు ఒకటి మరవకూడదు. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో ఎప్పుడూ పోయకూడదు. లేచే గోధుమరంగు పొగ ఊపిరితిత్తులకు విషం, కాబట్టి తలుపులు మూసిన గదిలో ఈ పని పనికిరాదు.

బొమ్మలో దూరం పుట్టేది ఇక్కడే. మొత్తం రేకును కొద్దిసేపు తినిపించి, ఆమ్లం తీసి, కడిగి, ఆరబెట్టాలి. లేతగా ఉండాల్సిన ఆవలి ఒడ్డు, ఆకాశం మీద వార్నిష్ పూసి మూసేయాలి. మళ్లీ ఆమ్లం, ఈసారి నడుమ ఉన్న పడవ, చెట్లు మూయాలి. చివరికి మనుషులు, గుడారం నీడ, ముందున్న గడ్డి మిగులుతాయి. దూరపు ఒడ్డుకు ఒక వంతు కాలమైతే, నడిమి భాగానికి రెండు మూడు వంతులు, ముందు నీడలకు ఆరేడు వంతులు ఇస్తే తేడా కంటికి స్పష్టంగా ఆనుతుంది. నిమిషాల లెక్క ఇవ్వడం దండగ. గది వేడి పెరిగితే ఆమ్లం జోరు పెరుగుతుంది, వాడినకొద్దీ తగ్గుతుంది. రేకు మూలలో నాలుగు గీతలు గీసి పెట్టుకుని, ఒక్కోసారి ఒక్కోదాన్ని గీరి, సూది మొనతో లోతు తడిమి చూసుకోవడమే నమ్మదగ్గ పద్ధతి. వార్నిష్ ఆరకుండా తొందరపడితే దాని కిందికి ఆమ్లం పాకుతుంది. పూతలో సూదిబెజ్జాలుంటే ఆకాశంలో చుక్కలు పడతాయి. చిన్నవైతే గీరుడు కత్తితో గీరి, నున్నటి ఉక్కు బర్నిషర్‌తో రుద్ది పోగొట్టవచ్చు. కొందరు ఆ చుక్కలను పక్షులుగా మార్చేస్తారు. నది బొమ్మల్లో పక్షులు కాస్త ఎక్కువగా కనిపిస్తే అనుమానించండి.

అచ్చు తీసేవాడి పనీ తక్కువేం కాదు. కాగితాన్ని ముందురోజే తడిపి బరువు కింద పెట్టాలి. చేత్తో తాకితే చల్లగా మెత్తగా ఉండాలి, పైన నీటి మెరుపు ఉండకూడదు. తడి ఎక్కువైతే సిరా పట్టదు, తక్కువైతే కాగితం గీతల్లోకి దిగక ముద్ర తెగితెగి వస్తుంది. మరిగించిన అవిసె నూనెలో నల్లపొడి నూరిన సిరా చిక్కగా ఉంటుంది కాబట్టి రేకును వేడి మీద ఉంచి పట్టించాలి. పైన ఉన్నదాన్ని గరుకు పలచటి గుడ్డతో, చివరికి సుద్ద రాసుకున్న అరచేత్తో తుడవాలి. గీతకు అడ్డంగా ఎక్కువ తుడిస్తే లోపలి సిరా కూడా పోతుంది.

రేకు నుంచి కాగితానికి వచ్చేసరికి బొమ్మ కుడిఎడమలు మారిపోతుంది. బొమ్మ గీసినవాడు దీన్ని ముందే చూసుకుని తిప్పి గీశాడా, లేక ఉన్నది ఉన్నట్టు దించేశాడా అని తెలుసుకోవడం సులభమే. కలం ఏ చేతిలో ఉందో చూడాలి. కత్తి సాధారణంగా ఎడమ తుంటిన వేలాడుతుంది. మగవాళ్ల కోటు ఎడమ భాగం కుడి భాగం మీదికి వస్తుంది. ఇవన్నీ ఒకేసారి తలకిందులై ఉంటే కళాకారుడు తిప్పలేదన్నమాట. నలుగురి ఎదుటా అమ్మే ముద్రణల్లో ఇలాంటి పొరపాటు రాకుండా చాలామంది చూసుకునేవారు. మిత్రుల కోసం వేసుకున్నవాటిలో అంతగా పట్టించుకోనక్కర్లేదు.

అమ్మకానికా, మిత్రులకా అన్నది అడుగు భాగం చూసినా తెలుస్తుంది. హోగార్త్ పోరాటంతో వచ్చిన 1735 చట్టం ప్రకారం హక్కు దక్కాలంటే రేకు మీదే యజమాని పేరు, ప్రచురించిన తేదీ ఉండాలి. హక్కు మొదట 14 ఏళ్లు, 1767లో 28 ఏళ్లకు పెంచారు. ఆ వరుస లేని ముద్రణను నకలు చేస్తే అడిగే దిక్కు లేదు, కాబట్టి వ్యాపారి ఎవడూ దాన్ని మరిచేవాడు కాదు. పేరు పక్కన ‘ఫెసిట్’ అని ఉంటే చేసింది తానే అని, ‘ఇన్వెనిట్’ అంటే ఊహ తనది అని, ‘స్కల్ప్సిట్’ అంటే రాగి మీద పనిచేసింది ఫలానావాడు అని అర్థం.

ఈ చివరి తేడాయే బ్లేక్ జీవితమంతా వెంటాడింది. రాయల్ అకాడమీ చెక్కుడు పనివాళ్లను పూర్తి సభ్యులుగా తీసుకునేది కాదు, ఆరుగురికి సహ సభ్యత్వం మాత్రం ఇచ్చేది. స్టోథర్డ్ 1794లో పూర్తి సభ్యుడయ్యాడు. 1806లో క్రోమెక్ అనే ప్రచురణకర్త పాత ఇంగ్లిషు కవి చాసర్ కథల్లోని యాత్రికుల చిత్రాన్ని స్టోథర్డ్‌తో వేయిస్తున్నప్పుడు, ఆ ఊహ తనదేనని బ్లేక్ మండిపడ్డాడు. తానూ అదే విషయం వేసి, 1809లో తన అన్న మేజోళ్ల దుకాణంలో ప్రదర్శించి, 1810లో ముద్రణ తెచ్చాడు. స్నేహం మళ్లీ అతకలేదు. దాన్ని తీసుకొచ్చి ఈ గుడారం మీద కప్పి, ఇక్కడే చీలిక కనబడుతోంది అనే వ్యాఖ్యానాలు నాకు రుచించవు. ఈ రేకు వేసిన నాటికి వాళ్లు పాతికేళ్ల అటూఇటూ వయసువాళ్లు, అప్పుడే కాపలావాడి చేతి నుంచి బయటపడ్డవాళ్లు.

ఏ ఎచింగ్‌లోనైనా ఒక ప్రతి ఎంత తొలినాటిదో చెప్పే గుర్తులు రెండు. ఒకటి ఆవలి ఒడ్డు. లేతగా తినిపించిన గీతలు లోతు తక్కువ కాబట్టి ముందు అరిగేది అవే. ముందు నీడలు గట్టిగా ఉండి దూరం పాలిపోయి ఉంటే ఆ రేకు అప్పటికే చాలా ప్రతులు ఇచ్చింది. రెండోది కాగితం. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, కాగితం పోసిన జల్లెడ తీగల జాడ చారలుగా కనిపించేది లెయిడ్, చారల్లేకుండా నున్నగా ఉండేది వోవ్. 1780లో రెండూ ఉన్నాయి, కాబట్టి అంతటితో ఆగకుండా నీటిగుర్తు వెతకాలి. 1794 చట్టం తర్వాత ఇంగ్లిషు కాగితం తయారీదారులు నీటిగుర్తులో సంవత్సరం వేయడం మొదలుపెట్టారు. ఈ బొమ్మ ప్రతిలో అలాంటి అంకె కనబడిందా, ఆ కాగితం ప్రెస్సు కిందికి వెళ్లేనాటికి గుడారంలోని కుర్రవాళ్లు నలభైకి దగ్గరపడ్డారు.